పాత రాగి తీగల తొడుగు ఒలిచే పరికరం: బ్లేడు రాగిలోకి దిగకుండా ఎలా అమర్చాలి?

ప్రశ్న: వైరింగ్‌పని

అందరికీ నమస్కారం. నేను పాత ఇళ్లలో వైరింగు మార్చే పని చేస్తాను. గోడల్లోంచి లాగేసిన పాత తీగలను ఇంటివారు చాలాసార్లు నాకే వదిలేస్తారు కాబట్టి అవి రెండు మూడేళ్లుగా సంచుల్లో పేరుకుపోయాయి. వాటిలో ఎక్కువ భాగం 1.5, 2.5 చదరపు మిల్లీమీటర్ల (లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం) ఒంటి తీగలు. కొన్నిటి లోపల ఒకే గట్టి రాగి తీగ ఉంటుంది, కొన్నిటిలో ఏడు పోగులు మెలిపెట్టి ఉంటాయి. ఇవి కాక మీటరు నుంచి మెయిన్ బోర్డుకు వచ్చే 10, 16 చదరపు మిల్లీమీటర్ల ముక్కలు కొన్ని, ఇస్త్రీపెట్టెలకు వాడేలాంటి మూడు కోర్ల మెత్తని తీగలు కొన్ని ఉన్నాయి. మొదట్లో కూర్చుని చాకుతోనే చెక్కేవాడిని. ఒకసారి చాకు జారి ఎడమ బొటనవేలు లోతుగా తెగింది. ఆ తరువాత చేతితో చెక్కడం మానేసి చిన్న పరికరం తయారు చేసుకున్నాను.

40 మిల్లీమీటర్ల మందం గల చెక్క దిమ్మకు అడ్డంగా 4 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. పైనుంచి రంపంతో ఆ రంధ్రం దాకా చీలిక కోసి, అందులో విరిచి వాడే కట్టర్ బ్లేడు ముక్కను దింపి, పక్కనుంచి రెండు స్క్రూలతో బిగించాను. దిమ్మను వైస్‌లో పెట్టి, తీగ కొనను పటకారుతో పట్టుకొని లాగుతాను. గట్టి తీగ అయితే మొదటి రెండు మీటర్లు చక్కగా తెగుతుంది. ఆ తరువాత కోత గీత నెమ్మదిగా పక్కకు తిరిగి, మెట్ల కమ్మీ చుట్టూ పాకిన తీవెలాగా తీగ చుట్టూ మెలికలు తిరిగిపోతుంది. ఏడు పోగుల తీగ అయితే ఇంకా కష్టంగా ఉంది. ఒకచోట బ్లేడు పైపైనే గీసి వదిలేస్తుంది, జానెడు దూరం పోయేసరికి రాగి పోగుల్లోకి దిగి వాటిని తెంపేస్తుంది. ఒలిచిన తొడుగుతోపాటు వెంట్రుకల్లాంటి రాగి పోగులు కూడా ఊడి వస్తున్నాయి. బ్లేడును ఎంత పైకి జరిపినా, ఎంత కిందికి దింపినా రెండింటికీ మధ్య సరైన స్థానం దొరకడం లేదు.

నా దగ్గర డ్రిల్లు మిషన్ ఉంది. దానితో తీగను లాగేలా మోటారు పరికరం చేస్తే ఈ ఇబ్బంది పోతుందా, లేక ముందు ఈ చెక్క దిమ్మలోనే సరిచేయవలసినది ఏదైనా ఉందా? ఇలాంటివి తయారు చేసి వాడినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: పాతలేత్

మీరు మోటారు జోలికి ఇప్పుడే పోవద్దు. చేతితో లాగినప్పుడు వంకరగా కోసే పరికరానికి మోటారు తగిలిస్తే అది అదే వంకర కోతను ఇంకా వేగంగా కోస్తుంది, అంతకుమించి మేలేమీ జరగదు. మీరు చెప్పిన కొలతల్లోనే జబ్బు ఎక్కడుందో కనిపిస్తోంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2.5 చదరపు మిల్లీమీటర్ల గట్టి తీగలో రాగి వ్యాసం సుమారు 1.8 మిల్లీమీటర్లు, దాని చుట్టూ ఉన్న పి.వి.సి. తొడుగు మందం సాధారణంగా 0.8 మిల్లీమీటర్లు. అంటే మొత్తం మీద 3.4 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మీ రంధ్రం 4 మిల్లీమీటర్లు. అందువల్ల తీగ రంధ్రం లోపల పైకీ కిందికీ 0.6 మిల్లీమీటర్లు కదలగలదు. మీరు కోయవలసిన పొర మందమే 0.8 ఉన్నప్పుడు కదలికకు 0.6 వదిలేస్తే, తీగ కిందికి వాలిన క్షణంలో బ్లేడు తొడుగును గీరి వదిలేస్తుంది, పైకి ఎగిరిన క్షణంలో రాగిని తాకుతుంది. బ్లేడును ఎక్కడ బిగించినా ఈ రెండూ జరుగుతూనే ఉంటాయి. మీరు వెతుకుతున్న సరైన స్థానం ఆ దిమ్మలో లేదు. దోషం బ్లేడులో కాదు, రంధ్రంలో ఉంది.

రంధ్రాన్ని 3.5 మిల్లీమీటర్లకు తగ్గిస్తే కొంత మెరుగుపడుతుంది గాని, పాత తీగల మందం ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది, పైన సిమెంటూ సున్నమూ అంటి ఉంటాయి, తీగ మధ్యలో ఇరుక్కుంటుంది. నేను కూడా మొదట వేర్వేరు కొలతలతో ఎనిమిది రంధ్రాలు వేసి చూసి చివరకు ఆ దిమ్మను పక్కన పడేశాను. అప్పుడు నాకు దారి చూపింది వడ్రంగి చిత్రిక. చిత్రిక కింద చెక్క ఎంత మందమైనా సరే, అది లేపే పొర మందం మారదు. ఎందుకంటే ఉలి ఎంత లోతుకు దిగాలో చెక్క మందాన్ని బట్టి కాక, చిత్రిక అడుగు నుంచి ఉలి ఎంత బయటికి పొడుచుకొని ఉందో దాన్ని బట్టి నిర్ణయమవుతుంది. తీగ విషయంలోనూ అదే చేయాలి. లోతును రంధ్రం అడుగు నుంచి కాక, తొడుగు పైముఖం నుంచి కొలవాలి.

దానికి కావలసినది ఒక ఇనుప పట్టీ, దాని అడుగు నునుపుగా ఉండాలి. దాని మధ్యలో సన్నని చీలిక కోసి, ఆ చీలికలోంచి బ్లేడు కొన 0.7 మిల్లీమీటర్లు మాత్రమే కిందికి పొడుచుకొచ్చేలా బిగించండి. దీన్ని ఆనుడు పట్టీ అందాం. తీగ ఈ పట్టీకి కింద నడుస్తుంది. తీగకు అడుగున వి-ఆకారపు గాడి ఉన్న చక్రం ఒకటి పెట్టి, దాన్ని స్ప్రింగుతో పైకి తోయించండి. జారుడు గేటు కింద వాడే గాడి చక్రం, బేరింగుతో సహా, దీనికి చక్కగా సరిపోతుంది. చక్రాన్ని ఒక చిన్న చేయికి బిగించి, ఆ చేయికి ఒకవైపు కీలు, రెండోవైపు స్ప్రింగు పెడితే సరి. ఇప్పుడు తీగ సన్నదైనా లావైనా దాని పైముఖం పట్టీకి అంటిపెట్టుకొనే ఉంటుంది, బ్లేడు ప్రతిసారీ 0.7 మిల్లీమీటర్లే దిగుతుంది. గాడి చక్రం తీగను పక్కలకు పోనివ్వదు కాబట్టి కోత ఎప్పుడూ నడినెత్తి మీదే పడుతుంది.

ఈ అమరికలో ఇంకొక లాభం ఉంది. 2.5, 4, 6 చదరపు మిల్లీమీటర్ల ఒంటి తీగలకు తొడుగు మందం సాధారణంగా ఒకటే, 0.8 మిల్లీమీటర్లు. అంటే ఒకసారి బిగించిన బ్లేడుతో ఆ మూడు రకాలనూ కొలత మార్చకుండా కోసుకోవచ్చు. 1.5కు తొడుగు 0.7, 10కీ 16కీ 1.0 ఉంటుంది. ప్రతి రకంలోనూ తొడుగు మందం కంటే 0.1 మిల్లీమీటరు తక్కువగా బ్లేడును దింపండి. పొర పూర్తిగా తెగనక్కరలేదు. అడుగున కాగితమంత మిగిలినా, వేళ్లతో విప్పగానే అది గీత వెంబడి చిరిగిపోతుంది, రాగి మీద గీత కూడా పడదు. ఏడు పోగుల తీగకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. పోగుల మీద తొడుగు మందం అంతటా ఒకేలా ఉండదు, పోగు ఉబ్బినచోట పలచగా, రెండు పోగుల మధ్య సందులో మందంగా ఉంటుంది. కాబట్టి వాటికి 0.2 మిల్లీమీటర్లు వదలండి.

కోత మెలికలు తిరగడానికి కారణం వేరు. చుట్ట చుట్టి ఉన్న తీగకు ఆ వంపు గుర్తుండిపోతుంది. పోగుల తీగ అయితే లోపలి మెలిక వల్ల లాగేకొద్దీ తానే తిరుగుతుంది. మొదటి ఇబ్బందికి, బ్లేడుకు ముందు ఐదు 608 బేరింగులను పైన రెండు, కింద మూడు చొప్పున ఎడం ఎడంగా పెట్టి, వాటి మధ్యనుంచి తీగను నడిపించండి. అవి చిన్న బేరింగులు, 8 మిల్లీమీటర్ల బోల్టు మీద ఎక్కుతాయి. తీగ వంపులు పోయి నిటారుగా వస్తుంది. రెండో ఇబ్బందికి, బ్లేడు వెనుక ఒక అంగుళం దూరంలో అర మిల్లీమీటరు మందం గల మొండి రేకును నిలబెట్టండి. అప్పుడే తెగిన చీలికలో ఆ రేకు నడుస్తుంది కాబట్టి తీగ తిరగాలన్నా తిరగలేదు. రేకు కూడా రాగిని తాకకూడదు, పట్టీ కింద అర మిల్లీమీటరు పొడుచుకొస్తే చాలు.

బ్లేడు వాలు గురించి మీరు రాయలేదు. కొన తీగ సాగిపోయే దిశకు, అంటే మీరు లాగే వైపుకు వాలి ఉండాలి. కొన ఎదురుగా పొడుచుకొని ఉంటే అది గాలంలాగా తొడుగు కిందికి దూరి రాగిని పట్టేస్తుంది. విరిచి వాడే బ్లేడు పలచగా ఉండి పక్కలకు వంగుతుంది, అది కూడా మీ వంకర కోతకు ఒక కారణమే. పవర్ హ్యాక్సా, అంటే ఇనుము కోసే మోటారు రంపం, దాని బ్లేడు విరిగిన ముక్క ఎక్కడైనా దొరికితే దాన్ని సానపట్టి వాడండి. అది సాధారణంగా హైస్పీడ్ స్టీలు, అంటే త్వరగా మొండిబారని ఉక్కు, పైగా మందంగా ఉండి చీలికను తెరుచుకుంటూ పోతుంది.

సమాధానం: తూకంరాయి

పాతలేత్ గారు చెప్పిన అమరికతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే ఏ తీగను ఒలవాలి, దేన్ని ఒలవకుండా అలాగే అమ్మాలి అనే లెక్క వేసుకోకుండా పరికరం తయారు చేస్తే, వారాల తరబడి సన్నతీగల ముందు కూర్చోవలసి వస్తుంది. అది నేను చేసిన పొరపాటే.

రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు. కాబట్టి 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీటరుకు సుమారు 9 గ్రాములు తూగుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతాదంతా నోటిలెక్కే. 16 చదరపు మిల్లీమీటర్ల తీగ 7 మీటర్లు ఒలిస్తే కిలో రాగి వస్తుంది. 2.5 అయితే అదే కిలోకు సుమారు 45 మీటర్లు ఒలవాలి, 1.5 అయితే 75 మీటర్ల దాకా ఒలవాలి. 0.5 చదరపు మిల్లీమీటర్ల సన్నతీగ అయితే 220 మీటర్లకు పైగా కావాలి. టెలిఫోన్ కేబుళ్లలో ఉండే అర మిల్లీమీటరు వ్యాసం గల పోగులైతే కిలో కావడానికి దాదాపు 570 మీటర్లు పడుతుంది. ఎంత మంచి పరికరమైనా అంత పొడవును లాగి, విప్పి, చుట్టడానికి పట్టే కాలాన్ని తగ్గించలేదు. మీ మూడు కోర్ల మెత్తని తీగల్లో రెండు పొరలు ఒలవాలి, లోపలి పోగులు జుట్టులా విడిపోతాయి. వాటిని ఒలవకుండా విడిగా కట్టి తొడుగుతోనే అమ్మేయడం నయం.

మరొక విషయం, తుక్కు కొనేవారు రాగినంతటినీ ఒకే రకంగా చూడరు. తుక్కు వ్యాపారంలో అంతర్జాతీయంగా వాడే వర్గీకరణలో అన్నిటికంటే మేలైన తీగ రకాన్ని బార్లీ అంటారు. పూతా మిశ్రమమూ లేని, ఒలిచిన శుభ్రమైన రాగి తీగ, 16 గేజి కంటే సన్నం కానిది, అంటే వ్యాసం సుమారు 1.3 మిల్లీమీటర్లకు తగ్గనిది మాత్రమే ఆ రకంలోకి వస్తుంది. ఏడు పోగుల 2.5 తీగలో ఒక్కో పోగు 0.67 మిల్లీమీటర్లే. మీరు ఎంత శుభ్రంగా ఒలిచినా కొనేవారు దాన్ని కింది రకంలో వేయవచ్చు. గట్టి తీగను, పోగుల తీగను మొదటినుంచే వేర్వేరు సంచుల్లో పోయండి. కలిపితే మంచిదానికి కూడా తక్కువ ధరే కడతారు. ఒలిచే ముందే మీ కొనుగోలుదారును రెండింటి ధరలూ, తొడుగుతో ఉన్నదాని ధరా అడిగి తెలుసుకోండి.

ఒలిస్తే ఎంత రాగి వస్తుందో తెలుసుకోవడానికి ప్రతి రకంలోనూ ఒక మీటరు కోసి తూచండి, ఒలిచి మళ్లీ తూచండి. 2.5 తీగ మీటరుకు సుమారు 32 గ్రాములు ఉంటే అందులో 22 గ్రాములు రాగి, అంటే నూటికి 70 వంతులు. ఆ వంతు ప్రకారం తొడుగుతో ఉన్న ధర, ఒలిచిన ధర పోల్చి చూస్తే మీ శ్రమకు గంటకు ఎంత పడుతోందో తెలిసిపోతుంది.

ఇంకొకటి, ఎర్రగా కనిపించే ప్రతి తీగా రాగి కాదు. అల్యూమినియం మీద పలచని రాగి పొర వేసిన తీగలు ఉన్నాయి. పట్టుకుంటే తేలికగా అనిపిస్తాయి. కొనను ఆకురాయితో రెండుసార్లు గీకితే తెల్లగా బయటపడుతుంది. అయస్కాంతానికి అంటుకుంటే లోపల ఇనుము ఉన్నట్లే. పోగులు వెండిలా మెరుస్తుంటే తగరం పూసిన రాగి, దాన్ని కూడా విడిగా ఉంచాలి.

సమాధానం: సన్నపోగు

తూకంరాయి గారి లెక్క చూశాక ఒక సందేహం వచ్చింది. నా దగ్గర సన్నతీగలే ఎక్కువ. అంత పొడవు ఒలవడం సాధ్యం కాదు కాబట్టి, దూరంగా ఆరుబయట కుప్పపోసి కాల్చేస్తే రాగి మిగులుతుంది కదా? కొందరు అలాగే చేస్తుంటే చూశాను.

సమాధానం: నిదానం

సన్నపోగు గారూ, దయచేసి ఆ పని చేయకండి. పి.వి.సి.లో బరువు ప్రకారం సుమారు 57 శాతం క్లోరినే. మెత్తదనం కోసం కలిపే పదార్థాల వల్ల తీగ తొడుగులో ఆ శాతం కొంత తగ్గినా, కాలినప్పుడు వెలువడేది హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, అది తడి తగిలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. అంటే మీ కళ్లలో, గొంతులో, ఊపిరితిత్తుల్లో ఆమ్లం తయారవుతుంది. దానితోపాటు డయాక్సిన్లు అనే విషపదార్థాలు పుడతాయి. అవి పుట్టడానికి రాగి స్వయంగా ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది కాబట్టి, పి.వి.సి. తొడుగుతో ఉన్న రాగి తీగను కాల్చడం ఆ విషాన్ని తయారు చేయడానికి అనువైన పద్ధతి అవుతుంది. ఆ బూడిద మట్టిలో కలిసి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ఎంత దూరంగా కాల్చినా గాలి వాలిన వైపు ఎవరో ఒకరు ఉంటారు. పాత తొడుగుల్లో సీసం కలిపిన రకాలు కూడా ఉన్నాయి. ఇన్ని చేసి చివరకు మిగిలేది నల్లబడి పెళుసెక్కిన రాగి, దాన్ని మేలురకంలో ఎవరూ తీసుకోరు. మీ సన్నతీగలను తొడుగుతోనే అమ్మేయండి. వాటిని ముక్కలుగా నూరి రాగిని, ప్లాస్టిక్‌ను బరువును బట్టి వేరుచేసే యంత్రాలు పెద్ద కర్మాగారాల్లో ఉంటాయి.

ఇప్పుడు వైరింగ్‌పని గారు అడిగిన మోటారు విషయానికి వస్తాను. ఆనుడు పట్టీ సరిగ్గా కుదిరి, చేతితో లాగినప్పుడు పది మీటర్లు వంకర లేకుండా కోయగలిగాకే మోటారు పెట్టండి. అప్పుడు కూడా కొత్తగా చేయవలసినది తక్కువే. అడుగున ఉన్న గాడి చక్రానికి బదులు, గాడి అంచుల్లో గరుకు గీతలు పెట్టించిన ఇనుప రోలరును పెట్టి, దాన్ని డ్రిల్లుతో తిప్పుతారు. గరుకు గీతలు తొడుగును పట్టి లాగుతాయి. రోలరు ఇరుసు కొనను 10 మిల్లీమీటర్లకు తిరగించుకుంటే డ్రిల్లు పట్టులోనూ సరిపోతుంది, 6200 బేరింగులోనూ సరిపోతుంది. తీగ పట్టే చోట రోలరు వ్యాసం 25 మిల్లీమీటర్లు ఉండి, నిమిషానికి 60 చుట్లు తిరిగితే తీగ నిమిషానికి 4.7 మీటర్లు నడుస్తుంది. అంతకంటే వేగం వద్దు. తూకంరాయి గారి లెక్క ప్రకారం 2.5 తీగలో కిలో రాగికి అది పది నిమిషాల లోపే, ఒక్క మనిషి పెట్టడానికీ విప్పడానికీ ఆ వేగమే ఎక్కువ.

నేను చెప్పదలచుకున్న అసలు విషయం చేతుల గురించి. చేతితో లాగే పరికరానికి కోతను తట్టుకునే చేతితొడుగులు వేసుకోవడం మంచిదే. కానీ తిరిగే రోలరు దగ్గరకు చేతితొడుగులతో ఎప్పుడూ పోవద్దు. నాలుగేళ్ల కిందట నా పరికరంలో తీగ ముక్క చిన్నదైపోయి, దాన్ని లోపలికి తోయడానికి చూపుడువేలును రోలరు దగ్గరకు పోనిచ్చాను. వేలు తగలలేదు, చేతితొడుగు కొసన వేలాడుతున్న ఒక్క నూలుపోగు తగిలింది. రోలరు ఆ పోగును పట్టి, తొడుగును పట్టి, ఆ వెనకే వేలిని పట్టింది. నిమిషానికి అరవై చుట్లు అంటే చాలా నెమ్మది అనుకుంటాం. కానీ అది వేలిని లాక్కోవడానికీ, నేను కాలు ఎత్తడానికీ మధ్య గోరు సగం ఊడిపోయింది. కాలి స్విచ్ లేకపోయి ఉంటే వేలు పోయేది.

అందుకే మూడు ఏర్పాట్లు లేకుండా మోటారు తగిలించవద్దని కోరుతున్నాను. కాలు తీయగానే ఆగిపోయే కాలి స్విచ్ ఉండాలి. ఒకసారి నొక్కితే తిరుగుతూనే ఉండేలా డ్రిల్లులో ఉండే గుండీని వాడకూడదు, దాన్ని తాడుతో కట్టి వదిలేయడం ఇంకా తప్పు. తీగ లోపలికి పోయే చోట కనీసం చేతి వేలి పొడవుకు రెండింతలు ఉండే ఇనుప గొట్టం పెట్టండి, అప్పుడు వేలు పెట్టాలన్నా రోలరును అందుకోదు. ఆ గొట్టం కంటే పొట్టి ముక్కలను యంత్రంలో పెట్టకుండా చేతి పరికరంతోనే ఒలవండి. మీ డ్రిల్లుకు బిగువు తగ్గించే క్లచ్ ఉంటే, తీగను లాగడానికి సరిపడే అతి తక్కువ అంకె మీద పెట్టండి, ఇరుక్కున్నప్పుడు అది జారి మోటారును, బ్లేడును కాపాడుతుంది. క్లచ్ ఉందని వేళ్ల విషయంలో మాత్రం ధైర్యం చేయవద్దు. కళ్లద్దాలు కూడా తప్పనిసరి. తీగ చివరి కొన రోలరును వదిలేటప్పుడు కొరడాలా ఎగురుతుంది.

వైరింగ్‌పని

మీ అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. మూడు వారాలు పట్టింది గాని, పాతలేత్ గారు చెప్పిన ఆనుడు పట్టీని తయారు చేశాను. మోటారు ఇంకా పెట్టలేదు. 6 మిల్లీమీటర్ల మందం గల ఇనుప పట్టీ అడుగును ఆకురాయితో సాపుచేసి, చీలిక కోసి, పక్కనుంచి రెండు బోల్టులతో బ్లేడును బిగించాను. అడుగున పాత గేటు చక్రం ఉంది. తేడా మొదటి తీగలోనే కనిపించింది. 2.5 గట్టి తీగ పన్నెండు మీటర్లు ఒకే గీతలో తెగింది, 4, 6 కూడా బ్లేడును ముట్టుకోకుండానే తెగాయి.

ఏడు పోగుల తీగ దగ్గర మాత్రం మొదట మళ్లీ ఇబ్బంది ఎదురైంది. కోత లోతు బాగానే ఉన్నా తీగ తిరుగుతూనే ఉంది. వెనుక రేకును నేను అంగుళానికి బదులు మూడు అంగుళాల దూరంలో పెట్టానని తరువాత గమనించాను. దాన్ని బ్లేడుకు దగ్గరగా జరిపాక గీత నిటారుగా వచ్చింది. ఇప్పుడు తొడుగుతోపాటు ఊడివచ్చే పోగులు దాదాపు లేవు. చల్లని ఉదయాల్లో తొడుగు గట్టిపడి విప్పేటప్పుడు ముక్కలుగా విరుగుతోంది. అవే తీగలను ఎండలో గంటసేపు పరిచి ఉంచితే అరటితొక్కలాగా పొడవునా విడిపోతోంది. అందుకే ఇప్పుడు మధ్యాహ్నం దాటాకే ఒలుస్తున్నాను.

నాకు ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. బ్లేడును 0.7 నుంచి 0.9కి మార్చాలంటే వెర్నియర్‌తో కొలిచి బిగించేలోగా అది కదిలిపోతోంది, సులువైన పద్ధతి ఏదైనా ఉందా? అలాగే, ఒక చాలా పాత ఇంట్లోంచి తీసిన తీగలు కొన్ని ఉన్నాయి. వాటి మీద ప్లాస్టిక్ లేదు, నల్లని రబ్బరు మీద బట్ట అల్లి ఉంది. పక్కనే ఒక పాత వేడిపొయ్యి నుంచి తీసిన తీగ ఉంది, దాని తొడుగు బూడిదరంగు నార లాగా పీచు పీచుగా ఉంది. వీటిని కూడా ఇందులో ఒలవవచ్చా?

పాతలేత్

కొలతకు వెర్నియర్ వద్దు, అద్దం ముక్క వాడండి. మందమైన అద్దాన్ని బల్ల మీద పరిచి, పట్టీకి రెండు చివరల కింద 0.7 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి రేకులను (సందులు కొలవడానికి వాడే, మందం కచ్చితంగా తెలిసిన పలచని రేకులు) పెట్టి, పట్టీని వాటి మీద ఆనించండి. బ్లేడు బోల్టులను వదులు చేయండి. బ్లేడు తన బరువుతో జారి అద్దాన్ని తాకి ఆగుతుంది. అక్కడే బోల్టులు బిగించండి. 0.9 కావాలంటే ఆ మందం గల రేకులు పెట్టండి. ఇందులో కొలిచేది ఏమీ ఉండదు కాబట్టి తప్పు పోదు. మొండిబారిన బ్లేడును సానపట్టి మళ్లీ బిగించినప్పుడు కూడా ఇదే పద్ధతిలో అర నిమిషంలో పని అయిపోతుంది. బోల్టు బిగించేటప్పుడు బ్లేడు తిరిగే గుణం ఉంటుంది, రెండు బోల్టులనూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి.

నిదానం

బూడిదరంగు పీచు తొడుగు ఉన్న ఆ తీగను పరికరం దగ్గరకే తీసుకురాకండి. పాత వేడి పరికరాల్లో తీగలకు ఆస్‌బెస్టాస్ అల్లిక వాడేవారు. కోస్తే, రాపాడితే దాని సన్నని నారలు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరుతాయి, చేరినవి తిరిగి బయటకు రావు. అది ఆస్‌బెస్టాస్ అవునో కాదో కంటితో చూసి చెప్పలేం కాబట్టి, అవునన్నట్లే చూడాలి. నీళ్లు చిలకరించి తడిపి, మందమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించి, పైన రాసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి. ఆ జానెడు తీగలో ఉండే రాగి కొన్ని గ్రాములే.

రబ్బరు, బట్ట ఉన్న తీగలను మీ పరికరంలో ఒలవడం కుదరదు. ఆ రబ్బరు ఎండిపోయి పొడిగా రాలుతుంది, బట్ట బ్లేడుకు చుట్టుకుంటుంది. లోపలి రాగికి చాలాసార్లు తగరం పూసి ఉంటుంది, రబ్బరులోని గంధకం రాగిని తినకుండా అలా పూసేవారు. వాటిని ఒలవకుండానే విడిగా కట్టి తగరం పూతగల తీగగా అమ్మేయండి. వాటిని తాకాక, అలాగే రోజూ పని ముగిశాక పాత పి.వి.సి. తొడుగులను తాకిన చేతులను కూడా, అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో కడుక్కోండి.

వైరింగ్‌పని

పీచు తీగను సంచిలో పెట్టి వేరుగా ఉంచాను. అద్దం పద్ధతి నిన్న చేసి చూశాను. ఫీలర్ గేజి లేదు గాని, నా దగ్గరున్న 0.9 మిల్లీమీటర్ల రేకును రెండు ముక్కలు చేసి వాడాను. 16 చదరపు మిల్లీమీటర్ల ముక్కలన్నీ ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. ఇప్పుడు సంచిలో గట్టి తీగ ఒకవైపు, పోగుల తీగ ఒకవైపు విడివిడిగా ఉన్నాయి. రోలరు కోసం లేత్ పనికి ఇచ్చాను. అది వచ్చేలోగా కాలి స్విచ్, గొట్టం ముందుగా బిగించి పెడతాను.